ఖర్చు లెక్క నుంచి మొదలయ్యే రిటైర్మెంట్ ప్లాన్: నా అనుభవం

రిటైర్మెంట్ ప్లాన్ వేయించుకోవడానికి నా దగ్గరకు వచ్చేవాళ్లలో, మొదటిసారి కూర్చునేటప్పుడు భార్యాభర్తలిద్దరూ రావాలన్నది నేను పెట్టుకున్న షరతు. ఆయన ఒక్కరే వస్తానంటే తేదీ మార్చుకుందాం అంటాను. కారణం లెక్కలోనే ఉంది. మన ఇళ్లలో మామూలుగా భార్య మూడు నుంచి ఐదేళ్లు చిన్న. ఆడవాళ్లు మగవాళ్లకంటే ఎక్కువ కాలం బతకడం కూడా మనం చూస్తున్నదే. అంటే ఆయన పదవీ విరమణ కోసం వేసే ప్లాన్‌లో చివరి పది, పదిహేనేళ్లు ఆవిడ ఒక్కరే నడిపించాల్సినవి కావచ్చు. ఆ మనిషి బల్ల దగ్గర లేకుండా వేసిన ప్లాన్ సగమే.

వచ్చేటప్పుడు తెమ్మనేవి ఇవి: పన్నెండు నెలల బ్యాంకు స్టేట్‌మెంట్లు (ఇద్దరివీ, అన్ని ఖాతాలవీ), పే స్లిప్పులు మూడు, పీఎఫ్ పాస్‌బుక్, సర్వీస్ హిస్టరీ ప్రింట్లు, బీమా పాలసీ బాండ్లు, అప్పుల స్టేట్‌మెంట్లు, స్థలం కాగితాలు, చీటీ పాస్‌బుక్కులు, ఎవరికైనా వడ్డీకిచ్చి ఉంటే ఆ ప్రోనోట్లు, ఆధార్, పాన్. కాపీలు చాలు, ఒక్క ప్రోనోట్లు తప్ప. వాటి వెనకవైపు కూడా చూడాలి. ఎందుకో కింద చెబుతాను.

లెక్క అర్థం కావడానికి ఒక జంటను తీసుకుందాం. చాలా ఇళ్లలో కనిపించే అంకెల్ని ఒకచోట చేర్చిన జంట ఇది. ఆయనకు 50, హైదరాబాదులో ప్రైవేటు కంపెనీలో ఉద్యోగం, 58కి రిటైర్మెంట్. ఆవిడకు 46. అమ్మాయి ఇంజినీరింగ్ చదువుతోంది. సొంత ఫ్లాటు, దానిమీద ఇంకో మూడేళ్లు ఈఎంఐ. ఊరి బయట 200 గజాల ప్లాటు.

"నెలకి ఎంత ఖర్చవుతుందండీ?" అంటే వచ్చే జవాబు దాదాపు ఎప్పుడూ తక్కువే ఉంటుంది. ఈ జంట కూడా నలభై వేలు అన్నారనుకోండి. అబద్ధమేం కాదు. ఆయన చెప్పింది తన చేతి మీదుగా ప్రతి నెలా పోయేది. మిగతాది ఆయన కంటపడదు. అందుకని స్టేట్‌మెంట్లు ప్రింటు తీసి, మూడు రంగుల పెన్నులతో ముగ్గురం కూర్చుంటాం. ప్రతి నెలా వచ్చేవాటికి నీలం: కరెంటు, పాలు, కిరాణా, పనిమనిషి, అపార్ట్‌మెంట్ మెయింటెనెన్స్. ఏడాదికోసారి వచ్చేవాటికి ఆకుపచ్చ: ఇంటిపన్ను, కారు బీమా, సంక్రాంతి బట్టలు, తిరుమల ప్రయాణం. కొన్నేళ్లకోసారి వచ్చేవాటికి ఎరుపు: ఫ్రిజ్, ఏసీ, ఇంటికి రంగులు, ఫోన్లు, పంటి వైద్యం. ఎరుపువాటిని ఎన్నేళ్లకోసారి వస్తాయో ఆ సంఖ్యతో భాగించి నెలకు తెస్తాం. ఏసీ 45,000 పెట్టి కొని తొమ్మిదేళ్లు వాడితే నెలకు 416. చిన్నదిగానే కనిపిస్తుంది, ఇలాంటివి పదిహేను ఉంటాయి.

ఏటీఎంలో తీసిన డబ్బు దగ్గర పెన్ను ఆగుతుంది. అక్కడ ఆవిడనే అడగాలి. పెళ్లిళ్ల చదివింపులు, పూలు, గుడి, పుట్టింటికి వెళ్లినప్పుడు పిల్లల చేతిలో పెట్టేవి, అత్తగారి మందులు. ఈ వరస రాస్తున్నప్పుడే ఆయనకు మొదటిసారి ఇంటి ఖర్చు పూర్తిగా తెలుస్తుంది. తొందరపెట్టకూడదు. ఈ ఒక్క పనికే నేను రెండు గంటలు కేటాయిస్తాను, ఎందుకంటే తర్వాత వచ్చే కోట్ల లెక్కంతా ఈ అంకె మీదే నిలబడుతుంది. ఇక్కడ నెలకు ఐదు వేలు తప్పితే అక్కడ ముప్పై లక్షలు తప్పుతుంది.

మన జంటకు ఖాతాల నుంచి బయటకు పోయేది సగటున నెలకు 95,000 అని తేలింది. అందులో ఈఎంఐ 24,000, కాలేజీ ఫీజు నెలకు తెస్తే 14,000. ఈ రెండూ రిటైరయ్యేలోగా అయిపోతాయి. మిగిలింది 57,000. ఆఫీసుకు తిరిగే పెట్రోలు, మధ్యాహ్నం భోజనం, అలాంటివి ఆరు వేలు తగ్గుతాయి. కంపెనీ కడుతున్న ఆరోగ్య బీమా ప్రీమియం, పెరిగే మందులు కలిపి నాలుగు వేలు చేరుతాయి. 55,000. అంటే ఏడాదికి ఆరు లక్షల అరవై వేలు, ఈనాటి ధరల్లో.

ధరలు ఏటా 6 శాతం పెరుగుతాయని పట్టుకుంటే ఎనిమిదేళ్ల తర్వాత అదే జీవితానికి నెలకు దాదాపు 87,700 కావాలి, ఏడాదికి పదిన్నర లక్షలు. రిటైరయ్యాక పెట్టుబడుల మీద పన్ను పోగా 7 శాతం వస్తుందనుకుందాం. ఇంతకంటే ఎక్కువ వేసుకుని లెక్క అందంగా చూపించొచ్చు. నేను వేయను. ఇప్పుడు ఎన్నేళ్లు అన్నది ప్రశ్న. ఆయనకు 80 వచ్చేదాకా చాలనుకుంటే 22 ఏళ్లు, కావాల్సిన మొత్తం రెండు కోట్ల పది లక్షలు. ఆవిడకు 90 వచ్చేదాకా లెక్కవేస్తే 36 ఏళ్లు, మూడు కోట్ల ఇరవై మూడు లక్షలు. మధ్యలో ఉన్న కోటీ పదమూడు లక్షలు ఆవిడ జీవితం ఖరీదు. అందుకే ఇద్దరూ రావాలన్నాను.

ఆయన పోయాక ఖర్చు సగమవుతుందని కొందరు వాదిస్తారు. అవదు. ఇంటి మెయింటెనెన్స్, కరెంటు, పనిమనిషి, ఇంటిపన్ను ఒక మనిషికైనా అంతే. తగ్గిన తిండి, బట్టల ఖర్చు స్థానంలో తోడుగా ఉండే మనిషి జీతం వస్తుంది. నేను తగ్గించకుండానే ఉంచుతాను.

ఇక ఉన్నవి కూడాలి. పీఎఫ్ ముందు. ప్రస్తుతం నిల్వ 28 లక్షలు, బేసిక్ 50,000. ఉద్యోగి వాటా 12 శాతం, 6,000. యజమాని వాటా కూడా అంతే అయినా అందులో 1,250 పెన్షన్ పథకానికి పోతుంది, పీఎఫ్‌లో పడేది 4,750. ఎనిమిది శాతం వడ్డీతో ఎనిమిదేళ్లకు 65 లక్షల దగ్గరకు వస్తుంది, మధ్యలో ఇల్లు బాగుచేయడానికనో మరొకందుకనో తీయకపోతే. పీఎఫ్ అడ్వాన్సు తీసినవాళ్లకు నేను ఒక చిన్న లెక్క చూపిస్తాను: ఈరోజు తీసే మూడు లక్షలు ఎనిమిదేళ్ల తర్వాత ఐదున్నర లక్షలు. తీయొద్దని చెప్పడంకన్నా ఆ అంకె కాగితం మీద పెట్టడం ఎక్కువ పనిచేస్తుంది.

పీఎఫ్ పెన్షన్ గురించి చాలామందికి ఉన్న ఊహ వేరు, వచ్చేది వేరు. సూత్రం ఇది: పెన్షన్‌కు లెక్కలోకి వచ్చే జీతాన్ని సర్వీసు ఏళ్లతో హెచ్చించి 70తో భాగించాలి. జీతం లక్ష ఉన్నా సరే, లెక్కలోకి వచ్చేది గరిష్ఠంగా 15,000. అది కూడా 2014 సెప్టెంబరు నుంచి. అంతకుముందు సర్వీసుకు 6,500. మన ఆయన 2000లో చేరి 2034లో దిగితే, ఇరవయ్యేళ్లు దాటినందుకు కలిసే రెండేళ్లతో సహా లెక్కేస్తే నెలకు సుమారు ఆరు వేలు. దీనికి కరువు భత్యం లేదు. ఇప్పుడు ఆరు వేలంటే, ఇరవయ్యేళ్ల తర్వాత కూడా ఆరు వేలే. ఆయన తర్వాత ఆవిడకు అందులో సగం. మొత్తం నిధిలో దీని విలువ తొమ్మిది లక్షలకు మించి వేయలేం.

గ్రాట్యుటీ: చివరి బేసిక్‌ను 26తో భాగించి, 15తోను, ఆ కంపెనీలో చేసిన ఏళ్లతోను హెచ్చించాలి. 2012 నుంచి ఇదే కంపెనీలో ఉండి, దిగేటప్పటికి బేసిక్ 80,000 అయితే పది లక్షలు. ముందు కంపెనీల ఏళ్లు ఇందులోకి రావు. పీపీఎఫ్‌లో ఏడు లక్షలు పన్నెండు అవుతాయి, మ్యూచువల్ ఫండ్లలో ఆరు లక్షలు పదమూడు కావచ్చు. అన్నీ కలిపి కోటీ తొమ్మిది లక్షలు. కావాల్సింది మూడు కోట్ల ఇరవై మూడు. లోటు రెండు కోట్ల పద్నాలుగు లక్షలు.

ఈ అంకె చెప్పాక గది నిశ్శబ్దంగా అయిపోతుంది. ఇక్కడే చాలా ప్లాన్లు ఆగిపోతాయి. ఎక్సెల్ షీటు "నెలకు లక్షా నలభై ఐదు వేలు సిప్ వేయండి" అంటుంది (సిప్ అంటే మ్యూచువల్ ఫండ్లలో నెలనెలా కట్టే పెట్టుబడి), అది అయ్యే పని కాదు కాబట్టి ఇంటికి వెళ్లి ఫైలు మూసేస్తారు. కాబట్టి లోటును ఒకే ముద్దగా చూపించకుండా వెంటనే ముక్కలు చేయాలి. ఒక్కో ముక్కకు ఒక్కో పని.

మొదటిది, 58 తర్వాత మూడేళ్లు. పూర్తి జీతం అక్కర్లేదు, ఇంటి ఖర్చు మటుకు వచ్చే పని ఏదైనా. కన్సల్టెన్సీయో, పాత పరిచయాలతో పార్ట్‌టైమ్ పనో. ఆ మూడేళ్లు నిధిని ముట్టుకోకపోతే లోటులో 31 లక్షలు తగ్గుతాయి. రెండోది, ఖర్చు నెలకు ఈనాటి లెక్కలో 55 నుంచి 50 వేలకు తేవడం. రెండో కారు లేకుండా సర్దుకుంటే సాధారణంగా కుదురుతుంది. ఇది 29 లక్షలు. మూడోది సిప్: ఇప్పుడు 35,000తో మొదలుపెట్టి ఏటా 10 శాతం పెంచుకుంటూ పోతే, 10 శాతం రాబడితో ఎనిమిదేళ్లకు 70 లక్షలు. ఎనిమిదో ఏట నెలకు 68,000 కట్టాల్సి వస్తుంది, అది మూడేళ్లకు ఈఎంఐ అయిపోతుంది కాబట్టే సాధ్యం. ఆ 24,000 ఖర్చులో కలిసిపోకుండా, ఈఎంఐ ఆగిన నెలలోనే సిప్‌గా మారాలి. ఆ నెల నా క్యాలెండర్‌లో రాసుకుని ముందు వారమే ఫోన్ చేస్తాను. ఒక్క నెల ఆలస్యమైనా ఆ డబ్బుకు వేరే పని పుడుతుంది.

నాలుగోది ప్లాటు. ఇక్కడే ఎక్కువ సేపు మాట్లాడాల్సి వస్తుంది.

మనవాళ్లకు స్థలమంటే నమ్మకం. ఆ నమ్మకాన్ని నేను తేలిగ్గా తీసిపారేయను. చాలా కుటుంబాలు స్థలంతోనే నిలబడ్డాయి. కానీ రిటైరయ్యాక ప్లాటు కిరాణా బిల్లు కట్టదు. నెలకు రూపాయి ఇవ్వదు, కొంచెం కొంచెంగా అమ్మడానికి కుదరదు, అమ్మాలనుకున్న నెలలో కొనేవాడు దొరకడు. అందుకని మూడు పరీక్షలు పెడతాను. లేఅవుట్ అనుమతి ఉందా, లేకపోతే ఎల్ఆర్ఎస్ (అనుమతి లేని లేఅవుట్‌ను క్రమబద్ధం చేయించడం) అయిందా. ఈసీ (ఆస్తి మీద జరిగిన లావాదేవీలు చూపే పత్రం) స్థలం కొన్న నాటి నుంచి ఈ నెల దాకా తీయించారా. సర్వే నంబరు 22ఏ నిషేధిత జాబితాలో (రిజిస్ట్రేషన్ చేయకూడని భూముల జాబితా) లేదు కదా. రిటైరయ్యాక, డబ్బు అవసరం ముంచుకొచ్చాక, కొనేవాడి లాయరు చెబితే ఈ మూడింటిలో లోపం బయటపడటం అన్నిటికంటే నష్టం. అప్పుడు సగం ధరకు అడుగుతారు. ఎనిమిదేళ్ల ముందే తెలిస్తే సరిచేసుకోవడానికి టైముంటుంది.

మన జంట ప్లాటును 2013లో 20 లక్షలకు కొన్నారు, ఇప్పుడు 45 పలుకుతుంది. 2024 జులై 23కి ముందు కొన్నది కాబట్టి పన్నులో రెండు దారులున్నాయి: ఇండెక్సేషన్ (కొన్న ధరను ధరల పెరుగుదల మేరకు పెంచి లాభం లెక్కించడం) లేకుండా 12.5 శాతం, ఇండెక్సేషన్‌తో 20 శాతం. రెండూ వేసి చూసి తక్కువది కట్టొచ్చు. వీళ్లకు రెండోదే నయం. పన్ను, బ్రోకరు కమిషను పోగా 42 లక్షలు చేతికొస్తాయి. ఏటా 9 శాతం చొప్పున ఎనిమిదేళ్లకు 84 లక్షలు. "ఆ స్థలం ఇంకా పెరుగుతుంది కదండీ" అన్నది సరైన ప్రశ్నే. పెరగొచ్చు. అయితే 9 శాతం చొప్పున పెరిగి, అడిగిన రోజున అమ్ముడుపోతేనే రెండూ సమానం. అమ్మాయి పెళ్లికని ఉంచామంటే, పెళ్లికి ఎంత అన్నది ఇప్పుడే ఇద్దరూ కలిసి ఒక అంకె రాయాలి. అంకె లేని పెళ్లి ఖర్చు రిటైర్మెంట్ డబ్బునంతా తినేస్తుంది. ఇంట్లో ఉన్న బంగారం, మెచ్యూరిటీకి వచ్చే ఎల్ఐసీ పాలసీలు పెళ్లికి అట్టిపెట్టమంటాను. ఆ ఉద్దేశంతోనే ఆ రెండూ పై లెక్కలోకి తేలేదు.

31, 29, 70, 84. కలిపితే 214. ఒకదాని ప్రభావం మరోదాని మీద కొంత ఉంటుంది కాబట్టి రెండు మూడు లక్షలు అటూ ఇటూ అవుతాయి. అసలు సంగతి ఏమిటంటే, లక్షా నలభై ఐదు వేల సిప్ అన్నప్పుడు ముఖం వాడిపోయిన మనిషి, ఇప్పుడు నాలుగు పనుల్లో తనకు ఏది చేతనవునో ఆలోచించడం మొదలుపెడతాడు.

ప్రోనోట్ల మాట. "బయట పది లక్షలు రెండు రూపాయల వడ్డీకి ఉన్నాయండీ" అని చాలామంది ఆస్తుల్లో రాస్తారు. నూటికి నెలకు రెండు, అంటే ఏడాదికి 24 శాతం. నేను నోటు తిప్పి వెనకవైపు చూస్తాను. రాసిన తేదీ నుంచి మూడేళ్లలోపు చెల్లు వేయించారా? అప్పు తీసుకున్నవాడు కొంత కట్టి, ఆ సంగతి నోటు మీద తన చేత్తో రాసి లేదా సంతకం పెట్టి ఉంటే, ఆ తేదీ నుంచి మళ్లీ మూడేళ్లు గడువు వస్తుంది. వడ్డీ నెలనెలా చేతికి తీసుకుంటూ నోటు వెనక ఖాళీగా వదిలేసిన వాళ్లను ఎంతమందినో చూశాను. మూడేళ్లు దాటిన ఖాళీ నోటుతో కోర్టులో దావా నిలవదు. గడువు దగ్గరపడితే ఆ వారమే వెళ్లి చెల్లు వేయించుకోమంటాను, లేదా కొత్త నోటు రాయించుకోమంటాను. నిధి లెక్కలోకి మాత్రం చేతికొచ్చాకే తెస్తాను. చీటీలు కూడా అంతే. రిజిస్టరైన కంపెనీదైతే మిగిలిన వాయిదాలు ఆస్తి, వీధిలో నడిపేవాళ్లదైతే లెక్కలో సున్నా.

పాత ఎండోమెంట్ పాలసీలకు (బీమా, పొదుపు కలిసినవి) రాబడి మామూలుగా ఐదారు శాతం. వెంటనే సరెండర్ చేయమని చెప్పడం తేలిక, కానీ అన్ని కేసుల్లోనూ సరికాదు. మెచ్యూరిటీకి మూడు నాలుగేళ్లే ఉంటే ఉంచుకోవడమే లాభం, బోనస్సులు అప్పటికే చేరి ఉంటాయి. పదేళ్లకు పైగా ఉంటే ప్రీమియం ఆపి పెయిడప్‌గా (కట్టినంత మేరకే కొనసాగేలా) మార్చడం, సరెండర్ చేయడం, కొనసాగించడం మూడూ పక్కపక్కన వేసి చూడాలి. ఒక్కటి మాత్రం తప్పనిసరి: పాలసీని కదిలించే ముందు సరిపడా టర్మ్ బీమా (పొదుపు లేని, ప్రాణానికి మాత్రమే ఉండే బీమా) చేతికి రావాలి. వైద్య పరీక్షలో షుగర్ తేలి టర్మ్ నిరాకరిస్తే పాత పాలసీయే దిక్కు.

ఆరోగ్య బీమా గురించి ఆలస్యం చేయొద్దని గట్టిగా చెబుతాను. కంపెనీ గ్రూపు పాలసీ ఉద్యోగం ఆఖరి రోజుతో అయిపోతుంది. 58 ఏళ్లకు, బీపీ షుగర్‌తో కొత్త పాలసీ తీసుకుంటే ముందున్న జబ్బులకు మూడేళ్ల దాకా వెయిటింగ్ (క్లెయిమ్ ఇవ్వని కాలం) ఉండొచ్చు. అదే 50కే సొంతంగా ఒక ఫ్యామిలీ ఫ్లోటర్ (ఇంట్లో అందరికీ కలిపి ఒకే పాలసీ) తీసుకుంటే, రిటైరయ్యేనాటికి వెయిటింగూ అయిపోతుంది, ఐదేళ్ల మారటోరియమూ దాటుతుంది. ఆ తర్వాత మోసం రుజువైతే తప్ప, జబ్బు చెప్పలేదన్న సాకుతో క్లెయిమ్ తిప్పికొట్టలేరు. అయినా ప్రపోజల్ ఫారంలో ప్రతి మాత్రా రాయించండి. ఏజెంటు "ఇది అవసరం లేదు" అన్నా రాయించండి. 2025 సెప్టెంబరు 22 నుంచి వ్యక్తిగత ఆరోగ్య పాలసీల మీద జీఎస్టీ లేదు. 70 దాటినవాళ్లకు ఆదాయంతో సంబంధం లేకుండా ఆయుష్మాన్ భారత్‌లో ఐదు లక్షల దాకా ఉంది, ఇంట్లో ఇద్దరు డెబ్భై దాటినవాళ్లుంటే ఇద్దరికీ కలిపి అంతే. దాన్ని అదనపు రక్షణగా చూడాలి, ప్రధాన పాలసీకి బదులుగా పెట్టుకోకూడదు.

రిటైర్మెంటుకు రెండేళ్లుండగా మళ్లీ పీఎఫ్ కాగితాల మీదకు వస్తాను. డబ్బు ఆగిపోయే చోటు ఇదే. మన తెలుగువాళ్లకు ప్రత్యేకంగా ఇంటిపేరుతో వచ్చే చిక్కు ఉంది. ఆధార్‌లో ఇంటిపేరు ఒక్క అక్షరం, పాన్‌లో పూర్తిగా, పీఎఫ్‌లో పేరు చివర. కంప్యూటరుకు ఈ ముగ్గురూ ముగ్గురు మనుషులు. సర్వీస్ హిస్టరీలో పాత కంపెనీ వరసలో చేరిన తేదీ ఉండి, మానేసిన తేదీ ఖాళీగా ఉంటుంది. ఆ గడి ఖాళీగా ఉంటే బదిలీ ఆగుతుంది, బదిలీ ఆగితే పెన్షన్ సర్వీసు విడివిడిగా మిగిలిపోతుంది. పాత సర్వీసు లెక్కలోంచి పోయి, మిగిలిన సర్వీసు పదేళ్లు నిండకపోతే నెలనెలా పెన్షనే రాదు. సరిచేయడానికి జాయింట్ డిక్లరేషన్ (ఉద్యోగి, యజమాని కలిసి ఇచ్చే దిద్దుబాటు పత్రం) కావాల్సి రావచ్చు, దానికి పాత యజమాని ఆమోదం అడగొచ్చు, ఆ కంపెనీ మూతపడితే ఆధారాలతో పీఎఫ్ ఆఫీసుకు తిరగాలి. ఉద్యోగంలో ఉండగా ఇప్పటి హెచ్ఆర్ వాళ్లు సాయం చేస్తారు. దిగిపోయాక ఫోన్ కూడా ఎత్తరు. ఈ-నామినేషన్ కూడా అప్పుడే చూస్తాం. పెళ్లికి ముందు తల్లి పేరు పెట్టి ముప్పై ఏళ్లుగా మార్చనివాళ్లు తగులుతూనే ఉంటారు.

డబ్బు చేతికొచ్చిన మొదటి మూడు నెలలు ప్రమాదకరమైనవి. బంధువులకు చేబదుళ్లు, ఫ్లాటు కొనమనే బిల్డర్లు, బ్యాంకులో రిలేషన్‌షిప్ మేనేజరు తెచ్చే పాలసీ ఫారాలు, అన్నీ ఆ నెలల్లోనే వస్తాయి. ఏ డబ్బు ఎక్కడికి వెళ్లాలో రిటైర్మెంటుకు ముందే కాగితం మీద రాసి ఉంటే కాదనడం సులువు.

డబ్బును మూడు కుండలుగా పంచడం ఇలా. ఏడాదికి పది లక్షలు కావాల్సిన, రెండున్నర కోట్లు చేతిలో ఉన్న జంటను తీసుకుందాం. మొదటి కుండ, రెండేళ్ల ఖర్చు 20 లక్షలు, సేవింగ్స్, ఎఫ్‌డీల్లో. ఒకే బ్యాంకులో ఒకరి పేరున ఐదు లక్షలు దాటిన భాగానికి డిపాజిట్ బీమా వర్తించదు కాబట్టి విడగొడతాం. రెండో కుండ, తర్వాతి ఆరేళ్లకు 60 లక్షలు. ఇందులో సీనియర్ సిటిజన్స్ పథకంలో గరిష్ఠం 30 లక్షలు. 8.2 శాతం చొప్పున మూడు నెలలకోసారి 61,500 వస్తుంది. వయసు 60 నిండాలి. 55 దాటి రిటైరైనవాళ్లు కూడా పెట్టొచ్చు, రిటైర్మెంట్ డబ్బు చేతికందిన మూడు నెలల్లోపు పెట్టాలి, వచ్చిన డబ్బుకు మించకూడదు. ఈ మూడు నెలల గడువు తప్పి 60 దాకా ఆగాల్సి వచ్చినవాళ్లు ఉన్నారు. పోస్టాఫీసు నెలసరి ఆదాయ పథకంలో ఇద్దరి పేరుతో 15 లక్షలు, 7.4 శాతంతో నెలకు 9,250. మిగతా 15 లక్షలు రిజర్వు బ్యాంకు ఫ్లోటింగ్ రేటు బాండ్లలో, స్వల్పకాల డెట్ ఫండ్లలో (బాండ్లలాంటి అప్పు పత్రాల్లో పెట్టే ఫండ్లు). బాండ్లకు ఏడేళ్లు గడువు, కాబట్టి త్వరగా అవసరపడే డబ్బు వాటిలో పెట్టం.

మూడో కుండ మిగిలిన కోటీ డెబ్భై లక్షలు. ఇందులో కోటి దాకా ఈక్విటీ (షేర్ల) ఇండెక్స్, హైబ్రిడ్ ఫండ్లు, మిగతాది దీర్ఘకాల డెట్. మొత్తంలో ఈక్విటీ 40 శాతం దాటనివ్వను, అసలు లేకుండా కూడా ఉంచను. 36 ఏళ్లు ధరలతో పరుగెత్తాల్సిన డబ్బు ఎఫ్‌డీల్లో నిలవదు. కుండలుగా విడగొట్టడం దేనికో ఒక లెక్క చెబుతాను. కోటి మొత్తం ఈక్విటీలోనే ఉండి, ఏడాది మొదట్లో ఆరు లక్షలు తీశాక మార్కెట్ 30 శాతం పడితే మిగిలేది 65.8 లక్షలు. మళ్లీ కోటికి రావాలంటే 52 శాతం పెరగాలి, అదీ మధ్యలో ఇంకేమీ తీయకుండా. పడిన ఏడు మొదటి కుండలోంచి తింటే ఈక్విటీని అమ్మక్కర్లేదు. కుండలు నింపే పని ఏటా ఏప్రిల్లో ఒకసారి. మార్కెట్ బాగుంటే మూడోదాంట్లోంచి మొదటిదానిలోకి, పడితే రెండోదాంట్లోంచి.

నెలనెలా చేతికి వచ్చేది జీతంలా ఉండాలి. పై పథకాలు, పీఎఫ్ పెన్షన్ కలిపితే నెలకు 36,000 దాకా వస్తుంది. కావాల్సింది 83,000. తేడా 47,000 మొదటి కుండ ఖాతాలోంచి ఖర్చుల ఖాతాలోకి ఒకటో తారీఖున దానంతటదే పడేలా స్టాండింగ్ ఇన్‌స్ట్రక్షన్ పెడతాం. ఎప్పుడు కావాలంటే అప్పుడు తీసుకోవచ్చు అని వదిలేస్తే రెండు రకాల పొరపాట్లు జరుగుతాయి. కొందరు మొదటి మూడేళ్లలోనే ఎక్కువ తీసేస్తారు. ఎక్కువమంది భయంతో తీయకుండా, పంటి నొప్పి కూడా ఓర్చుకుంటూ బతుకుతారు. రెండోది చూడటం నాకు మరీ బాధ. ఇన్నేళ్లు కూడబెట్టింది దానికి కాదు కదా.

పన్ను సంగతి క్లుప్తంగా. కొత్త విధానంలో పన్ను వేయదగిన ఆదాయం 12 లక్షలు దాటకపోతే రిబేటుతో పన్ను సున్నా, అయితే ఈక్విటీ అమ్మిన లాభాలకు ఆ రిబేటు రాదు. సీనియర్ల డిపాజిట్ వడ్డీ ఒక బ్యాంకులో ఏడాదికి లక్ష దాటితే టీడీఎస్ కోస్తారు. పన్ను పడని ఆదాయమైతే కోయవద్దని డిక్లరేషన్ ఏటా ఏప్రిల్లోనే ఇచ్చేయాలి. కుండలు సరిచేసే రోజే ఇది కూడా.

ఆఖరి సిటింగ్‌లో కుర్చీలు మారతాయి. ఆయన పక్కన కూర్చుంటారు, ల్యాప్‌టాప్ ముందు ఆవిడ. తన ఫోనులో బ్యాంకు యాప్ తెరిచి, మొదటి కుండలోంచి ఖర్చుల ఖాతాకు వెయ్యి రూపాయలు ఆవిడే పంపాలి. పోస్టాఫీసు వడ్డీ ఏ ఖాతాలో పడుతుందో ఆవిడే వెతికి చూపాలి. మొదటిసారి ఓటీపీ ఆయన ఫోనుకు వెళ్తుంది, అప్పుడు తెలుస్తుంది ఏ ఖాతాకు ఏ నంబరు ముడిపడి ఉందో. అవన్నీ ఆ రోజే రాసుకుని ఆ వారంలో మార్పిస్తాం. ఖాతాలు ఇద్దరిలో ఎవరైనా నడిపే పద్ధతికి మారుస్తాం. నామినీ డబ్బు అందుకునే మనిషి మాత్రమే, వారసత్వం వీలునామాతోనో చట్టంతోనో తేలుతుంది కాబట్టి వీలునామా రాయించమంటాను. తెల్ల కాగితం మీద, ఇద్దరు సాక్షుల సంతకాలతో రాసినా చెల్లుతుంది, రిజిస్టరు చేస్తే ఇంకా నిశ్చింత.

ఆ తర్వాత ఆవిడ చేతిరాతతో ఒక కాగితం. ఒకటో తారీఖున ఏ ఖాతాలో ఎంత పడుతుంది, ఏప్రిల్, జులై, అక్టోబర్, జనవరిలో 61,500 ఎక్కడికొస్తుంది, ఆరోగ్య పాలసీ నంబరు, రెన్యువల్ తేదీ, లైఫ్ సర్టిఫికెట్ ఏ నెలలో ఇచ్చారు, లాకరు తాళం ఎక్కడుంది, ప్రోనోట్ల గడువు తేదీలు. నేను టైపు చేసి ఇవ్వను. ఆవిడ రాస్తున్నప్పుడే "ఇదేంటండీ, ఈ ఎఫ్‌డీ సంగతి నాకు చెప్పలేదే" అన్న మాట వస్తుంది, మరిచిపోయిన ఖాతా ఒకటి బయటపడుతుంది. దాన్ని కూడా చేర్చి, రెండు కాపీలు తీస్తాం. ఒకటి బీరువాలో పట్టుచీరల కింద, ఒకటి అమ్మాయి దగ్గర.